ఇంట్లో కప్ప తప్పిపోతే!

కప్ప తప్పిపోవటమేమిటి, తప్పిపోతే మాత్రం దాన్ని వెతకటమేమిటి అని మీలో చాలామంది నవ్వుకుంటారని నాకు తెలుసు. మన ఇళ్ళల్లో కప్పకు రాకపోకలే గాని కాపురం లేదు. వానలు పట్టగానే పెరట్లోంచి వసారాలోకి, వసారాలోంచి స్నానాలగదిలోకి తనంతట తానే వస్తుంది. చీపురు పుచ్చుకుని మనం సాగనంపుతాం. కప్పను ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి ఆడవాళ్ళకు తెలిసినన్ని ఉపాయాలు మరే శాస్త్రజ్ఞుడికీ తెలియవు. ఇంట్లో ఉన్న కప్పను వెతికి పట్టుకోవలసిన అవసరం మాత్రం మనకు మొన్న మొన్నటిదాకా రాలేదు.

ఇప్పుడు వచ్చింది. మన పిల్లలు అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ, ఇంగ్లండులోనూ కాపురాలు పెట్టారు. అక్కడి బడిపిల్లలు కుక్కపిల్లనో పిల్లికూననో పెంచుకున్నట్టే కప్పనూ పెంచుకుంటారు. పెంపుడు జంతువుల దుకాణానికి వెడితే కప్ప దొరుకుతుంది. దానికి అద్దాలపెట్టె, ఆ పెట్టెలోకి కొమ్మలూ, నాచూ, వెచ్చటి దీపమూ దొరుకుతాయి. దాని ఆహారం కోసం బతికి ఉన్న కీచురాళ్ళు డబ్బాల్లో దొరుకుతాయి. మనవళ్ళను చూసుకుందామని వెళ్ళిన తాతయ్యలూ అమ్మమ్మలూ ఒకరోజు పొద్దున్న లేచేసరికి పెట్టె మూత వోరగా తెరిచి ఉంటుంది. కప్ప ఉండదు.

కుక్క తప్పిపోతే పిలిస్తే వస్తుంది. పిల్లి ఆకలివేస్తే వస్తుంది. చిలక ఎగిరిపోతే ఆశ వదులుకుని ఊరుకోవచ్చు. కప్ప సంగతి వేరు. అది ఎక్కడికీ పోదు, ఇంట్లోనే ఉంటుంది. పిలిస్తే పలకదు. మనం చూడని సందులో దూరి, కూర్చున్నచోటే ఎండిపోతుంది. కొన్ని నెలల తరువాత ఏ సోఫానో జరిపినప్పుడు ఒరుగైపోయి కనిపిస్తుంది. ఆ దృశ్యం పసివాడి కంట పడకుండా ఉండాలంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే దాన్ని పట్టుకోవాలి. పట్టుకోవాలంటే అది ఏం కావాలని తిరుగుతోందో మనకు తెలియాలి.

నోటితో తాగని జీవి

కప్ప నీళ్ళు తాగదు. అంటే మనలాగా నోటితో తాగదు. పొట్ట అడుగున, తొడల లోపలివైపున దానికి పల్చటి చర్మం ఉంటుంది. ఆ భాగాన్ని తడినేలకు ఆనించి చతికిలబడితే చాలు, చెమ్మ అంతా చర్మంగుండా లోపలికి పోతుంది. స్నానమూ దాహమూ ఒక్కసారే తీరిపోతాయన్నమాట. పీల్చే గాలిలో కొంతభాగం కూడా చర్మంద్వారానే పీలుస్తుంది. దానికీ చర్మం తడిగా ఉండవలసిందే.

ఇంత సౌకర్యం ఊరికే రాదుగదా! నీరు వచ్చిన దారినే బయటికీ పోతుంది. మన చర్మం ఇత్తడి బిందె అనుకుంటే, కప్ప చర్మం మట్టికూజా. కూజా ఎప్పుడూ చెమ్మగిల్లుతూ, ఆ చెమ్మ ఆవిరైపోతూ ఉంటుంది కనకనే అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి. మళ్ళీ నింపేవాళ్ళు లేకపోతే కూజా ఖాళీ అవుతుంది. తమ బరువులో పావువంతుకు పైగా నీరు పోయినా తట్టుకునే కప్పజాతులు ఉన్నాయి. మనిషికైతే అందులో సగం పోతేనే ప్రాణంమీదికి వస్తుంది. అయినా దాని ఓర్పుకూ ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఎప్పుడు వస్తుందనేది ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆకలితో అంత తొందర లేదు. ఎదిగిన కప్ప వారాల తరబడి తిండి లేకుండా ఉండగలదు. అందుచేత తిండి ఆశచూపి దాన్ని బయటికి రప్పించాలనుకోవటం వృథా ప్రయాస. పైగా కప్పకు కదిలేదే తిండి. 1959లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన లెట్విన్, మతురానా, మెకల్లాక్, పిట్స్ అనే నలుగురు కప్ప కంటినుంచి మెదడుకు పోయే నరాలను పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. ఆ రంగంలో అది చాలా ప్రసిద్ధమైనది. చిన్న నల్లటి చుక్కలాంటిది కంటిముందు కదిలితే చలించే నరాలు వాటిలో ప్రత్యేకంగా ఉన్నాయని వాళ్ళు చూపించారు. పురుగు కదలకపోతే కప్పకు అది పురుగే కాదు. చచ్చిన ఈగలను పళ్ళెంలో పోసి పెట్టినా పక్కనే కూర్చుని పస్తుంటుంది.

కాబట్టి తప్పించుకున్న కప్పకు కావలసినవి మూడే: తడి, చీకటి, ఒళ్ళు ఆనించుకోవటానికి ఒక ఇరుకు. స్వేచ్ఛాకాంక్ష వగైరాలు మనం దానికి అంటగట్టేవి. మూత తెరిచి ఉంది, వచ్చింది, అంతే.

అయితే తడి ఉన్న ఇరుకు నేలమీద వెతకాలా, గోడమీద వెతకాలా అన్నది కప్ప జాతినిబట్టి ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది కాలం వృథా చేసుకుంటారు. దక్షిణ అమెరికానుంచి వచ్చిన కొమ్ముకప్ప బంతిలా ఉంటుంది, ఎక్కలేదు. నాలుగడుగులు వేసి దేనికిందనో దూరి కూర్చుంటుంది. దాన్ని నేలబారున, పెట్టెకు దగ్గరలోనే వెతకాలి. చేపలతొట్టిలో పెంచే ఆఫ్రికా మరుగుజ్జు కప్ప పూర్తిగా నీటిజీవి. అది బయటపడితే రోజులకు బదులు గంటలు లెక్కపెట్టుకోవాలి. తొట్టి వెనక, తొట్టి ఉన్న బల్ల కింద అప్పటికప్పుడే చూడాలి. చెట్టుకప్పలు మాత్రం పైకి పోతాయి. వాటి వేళ్ళ చివర గుండ్రటి మెత్తలు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ మెత్తలనిండా తేనెపట్టు గదుల్లాగా ఆరుమూలల కణాలు, వాటి మధ్య సన్నటి కాలవలు, ఆ కాలవల్లో జిగురునీరు. ఆ తడితోనే అవి అద్దంమీద కూడా అతుక్కుంటాయి. అలమరపైన, కిటికీతెర కట్టిన కమ్మీమీద, పటాల వెనక, తలుపు పైఅంచున చూడవలసింది వీటికోసమే.

మూడు రాత్రుల వెతుకులాట

2019 జనవరిలో నేనూ మా ఆవిడా మిచిగన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. బయట మోకాలిలోతు మంచు. లోపల రాత్రింబవళ్ళు వెచ్చగాలి వదిలే యంత్రం. ఆ వెచ్చగాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పొద్దున్న లేచేసరికి మన పెదవులు పగిలి ఉంటాయి. తడిబట్ట కుర్చీమీద వేస్తే గంటలో ఫెళఫెళలాడుతుంది. కప్ప తప్పిపోవటానికి అంతకన్న చెడ్డ కాలం, చెడ్డ చోటు ఉండవు.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. వాడి కప్ప ఆస్ట్రేలియా, న్యూగినీల చెట్టుకప్ప. సిడ్నీ ప్రాంతంలో తెల్లవాళ్ళ వలస మొదలైన రోజుల్లో అక్కడ పనిచేసిన జాన్ వైట్ అనే శస్త్రవైద్యుడు 1790లో అచ్చువేసిన తన ప్రయాణ గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఇంగ్లీషులో ఇప్పటికీ దీన్ని వైట్ గారి చెట్టుకప్ప అంటారు. చిత్రమేమిటంటే పచ్చటి ఈ కప్పకు శాస్త్రంలో పెట్టిన పేరుకు అర్థం “నీలిది” అని. సారాయిలో నిలవచేసిన కప్పలో పసుపురంగు కరిగిపోయి నీలం మిగిలింది. దొరలు దాన్ని చూసి పేరు పెట్టేశారు. నాలుగంగుళాల ఆసామీ. పొద్దస్తమానం కళ్ళు సగం మూసుకుని, చేతులు పొట్టకింద ముడుచుకుని, మడతలు మడతలుగా కూర్చుని ఉంటుంది. ఆ వాలకం చూసి మా ఆవిడ దానికి “ముద్దపప్పు” అని పేరు పెట్టింది. వాడు పెట్టుకున్న ఇంగ్లీషుపేరు పోయి ఇంటిల్లిపాదికీ అదే పేరు ఖాయమైంది. ఈ జాతి కప్పలు సరిగా చూసుకుంటే పదిహేనేళ్ళు పైబడి బతుకుతాయట. అంటే వాడు కాలేజీకి వెళ్ళేదాకా వాడితో ఉండవలసిన ప్రాణి.

సోమవారం రాత్రి కీచురాళ్ళు వేసినప్పుడు మూత గొళ్ళెం సరిగా పడలేదు. మంగళవారం పొద్దున్న వాడి కేక విని అందరం మేడమీదికి పరుగెత్తాం. వాడు ఏడవలేదు. “నేనే చంపేశాను, తాతయ్యా” అన్నాడు. ఆ రోజు బడికి పోనన్నాడు, పాలు కూడా తాగలేదు. వాళ్ళమ్మ కోప్పడబోయి, వాడి మొహం చూసి ఊరుకుంది.

ముందుగా చేయవలసింది వెతకటం కాదు, ఇంట్లో ప్రమాదాలను ఆపటం. మా అల్లుడు ఆ పని పద్ధతిగా చేశాడు. అన్ని గదుల తలుపులూ మూసి కిందిసందుల్లో తువ్వాళ్ళు కుక్కాడు. తలుపు మూసేముందు దాని పైఅంచూ, బందుల సందూ చూడాలని అందరికీ చెప్పాడు. చెట్టుకప్పలు నలిగిపోయేది అక్కడే. ఆ దేశపు ఇళ్ళల్లో వెచ్చగాలి నేలలో ఉన్న కంతలగుండా వస్తుంది. అందులో పడితే కప్పను దేవుడే కాపాడాలి. వాటిమీద దోమతెర గుడ్డ పరిచి అంచులు అంటించాడు. మరుగుదొడ్ల మూతలు వేయించాడు. బట్టలుతికే యంత్రమూ, ఆరబెట్టే యంత్రమూ చేత్తో తడిమి చూడకుండా తిప్పవద్దన్నాడు. వెనక్కి వాలే పడకకుర్చీ ఒకటి ఉంది. అందులో ఎవరూ కూర్చోకుండా దానిమీద పుస్తకాలు పేర్చాడు. ఆ కుర్చీ ఇనపకడ్డీల మధ్య నలిగి చచ్చే పెంపుడు జంతువులు తక్కువేమీ కాదట.

తరువాత గుమ్మం దగ్గర గుట్టగా పడిఉన్న మంచు బూట్లు. వాటిలో తడి ఉంది, చీకటి ఉంది, ఇరుకూ ఉంది. కప్పకు నచ్చే చోటే. కాని మంచు కరగటానికి అక్కడి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పంతా బూట్లకు అంటుకుని ఉంటుంది. ఉప్పు తగిలితే కప్ప ఒంట్లో నీరు బయటికి లాగేస్తుంది, చర్మం మండిపోతుంది. బూట్లన్నీ విదిలించి మోటారుషెడ్డులోకి చేర్చాం.

మా ఆవిడ గుమ్మాల దగ్గర వరిపిండి చల్లుదామంది. పిండిమీద అడుగుజాడలు కనపడతాయిగదా అని. పందికొక్కు వ్యవహారమైతే మంచి ఆలోచనే. కప్ప తడిచర్మానికి పిండి అంటుకుంటే ఊపిరాడదు కనక ఆ ఆలోచన విరమించాం. అందుకు బదులు మూలమూలలా తడిపిన తువ్వాళ్ళు గోడవారగా పరిచాం, పళ్ళాల్లో అరంగుళం నీళ్ళు పోసి పెట్టాం. కప్ప దొరకకపోయినా, వెతుకుతున్నంతసేపూ అది చావకుండా ఉండాలి. అసలు కిటుకు అదే. తడిగుడ్డ ఒక్కటి దొరికితే కప్పకు మరొక రోజు ఆయుర్దాయం దొరికినట్టే.

పగలు వెతకటంలో పెద్ద లాభం లేదు. చెట్టుకప్ప రాత్రి తిరుగుతుంది, పగలు ముద్దగా పడుకుంటుంది. పగటిపూట సామాను జరపటం, సోఫాలు ఎత్తటం దాన్ని తొక్కటానికే పనికివస్తాయి. అందుకని రాత్రి పదింటికి దీపాలన్నీ ఆర్పి, అరగంట కదలకుండా కూర్చుని, తరువాత టార్చిలైటు పట్టుకుని తిరిగేవాళ్ళం. టార్చి కంటిపక్కన ఆనించి పట్టుకుని చూడాలి. అప్పుడు దూరాన ఉన్న కప్ప కళ్ళు మిలమిలమంటాయి. కాళ్ళు ఎత్తి వేయకూడదు, నేలమీద జార్చుకుంటూ నడవాలి. అరవై దాటిన మామగారు, ముప్ఫై అయిదేళ్ళ అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవడు ఒకరి వెనక ఒకరు చీకట్లో కాళ్ళీడ్చుకుంటూ కిటికీతెరల వెనక తొంగిచూడటం పొరుగింటివాళ్ళు చూసి ఉంటే పోలీసులను పిలిచేవాళ్ళే.

మంగళవారం రాత్రి ఏమీ లేదు. బుధవారం రాత్రి స్నానాలగదిలో అద్దంమీద రెండు తడి మరకలు కనపడ్డాయి. గుండ్రటి చుక్కలు, అయిదు ఒకచోట. మనవడు ఆ మరకలకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి చూశాడు. కప్ప బతికే ఉందన్నమాట. అయితే అవి ఎప్పటివి? తప్పిపోక ముందటివే కావచ్చునని అల్లుడి సందేహం. గురువారం రాత్రి మళ్ళీ ఏమీ లేదు. పడుకోబోయే ముందు వాడు అడిగాడు: “తాతయ్యా, ఎండిపోతే దానికి నెప్పి పుడుతుందా?” నా దగ్గర జవాబు లేదు.

శుక్రవారం పొద్దున్న మా ఆవిడ ఇడ్లీల్లోకి కొబ్బరి పచ్చడి చేస్తోంది. మిక్సీ తిప్పి ఆపింది. ఆపగానే ఎక్కడినుంచో “క్రాక్, క్రాక్, క్రాక్” అని చప్పుడు. మిక్సీ చెడిందనుకుని మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆపగానే మళ్ళీ “క్రాక్, క్రాక్.” మూడోసారి ఆవిడ మిక్సీవైపు చూడకుండా చప్పుడు వచ్చినవైపు చూసింది. కిటికీ పక్కన తులసికుండీ.

చలిదేశాల్లో మన ఆడవాళ్ళు తులసిని ఎంత యాతనపడి కాపాడుకుంటారో చూసినవాళ్ళకు తెలుసు. మంచు పడేముందే కుండీ లోపలికి తెచ్చి, ఎండ వచ్చే కిటికీ వెతికి అక్కడ పెడతారు. మా అమ్మాయి మట్టికుండీని ఒక రంగుల ప్లాస్టిక్ తొట్టిలో దించి పెట్టింది, నేలమీద నీళ్ళు కారకుండా. మా ఆవిడ రోజూ స్నానం చేసి ఒక చెంబెడు నీళ్ళు పోస్తుంది. పోసిన నీళ్ళలో మిగులు తొట్టి అడుగున నిలుస్తుంది. కుండీకీ తొట్టికీ మధ్య మూడువేళ్ళ సందు. తడి, చీకటి, ఇరుకు! అల్లుడు రెండుసార్లు ఆ మొక్క చూశాడు గాని ఆకుల్లో చూశాడు. ముద్దపప్పు ఆ సందులో, పొట్ట తడిమట్టికి ఆనించి, మిక్సీకి బదులు చెబుతూ కూర్చుని ఉంది. మేడమీదనుంచి మెట్లు దిగి, ముందుగది దాటి వంటింటి దాకా ఎప్పుడు వచ్చిందో ఎలా వచ్చిందో దానికే తెలియాలి. తువ్వాళ్ళు కుక్కకముందే, మొదటి రాత్రే వచ్చి ఉంటుందని మా అల్లుడి అభిప్రాయం.

మిక్సీకి కప్ప పలకటం కట్టుకథ కాదు. మగకప్పలు పోటీకి పలుకుతాయి. వానచప్పుడుకూ, ఇల్లు ఊడ్చే మోటారుకూ, గడ్డికోసే యంత్రానికీ పలికే కప్పలను పెంచినవాళ్ళందరూ చూసే ఉంటారు. అందుచేత తప్పిపోయింది మగదైతే, అదే జాతి కప్ప అరుపును ఫోనులో పెట్టి, రాత్రిపూట గదిగదికీ తిరిగి వినిపించి, ఆపి, చెవి ఒగ్గి వినటం మంచి ఉపాయం. చాలా ఇళ్ళల్లో టార్చికన్న ముందు ఇదే పనిచేస్తుంది. ఆడకప్ప అయితే ఈ ఉపాయం సాగదు. మగదానిలాగా గొంతెత్తి పిలవటం దాని స్వభావం కాదు.

మనవడు ఏమీ మాట్లాడలేదు. గిన్నెలో నీళ్ళు పట్టుకుని వచ్చి తొట్టి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ఆ రోజు వాడు తిన్న ఇడ్లీలు వాళ్ళమ్మ లెక్కపెట్టింది: ఏడు.

దొరికిన తరువాత

దొరకగానే పని అయిపోలేదు. సంతోషంకొద్దీ కప్పను తీసుకువెళ్ళి పంపుకింద పెట్టేవాళ్ళున్నారు. అది పొరపాటు. పంపునీళ్ళలో క్లోరిను ఉంటుంది. మనకు మేలుచేసే ఆ మందే కప్ప చర్మానికి విషం. వెడల్పు గిన్నెలో పట్టి ఒక రాత్రి ఉంచితే మామూలు క్లోరిను పోతుంది. కాని చాలా నగరాల్లో ఇప్పుడు క్లోరమిను అనే మందు కలుపుతున్నారు. అది నిలవ ఉంచినా పోదు. దాన్ని విరిచే చుక్కలమందు చేపల దుకాణాల్లో దొరుకుతుంది. అలాంటి నీళ్ళు, చల్లగానూ వేడిగానూ కాకుండా, వెడల్పు గిన్నెలో కప్ప గడ్డందాకా మాత్రమే వచ్చేట్టు పోయాలి. ఎండి నీరసించిన కప్ప లోతునీళ్ళలో మునిగి చావగలదు. చేతులకు సబ్బు, లేపనం, వంటనూనె లేకుండా కడుక్కుని తడిచేత్తోనే ఎత్తాలి. ఒంటికి దుమ్ము, వెంట్రుకలు, దారప్పోగులు అంటుకుని ఉంటాయి. వాటిని గుడ్డతో తుడవకూడదు. నీళ్ళలో నానితే అవే ఊడివస్తాయి.

ఒక పావుగంట, అరగంట అలా కూర్చోనిచ్చి పెట్టెలో పెట్టి, పైన గుడ్డకప్పి వదిలేయాలి. ఆ రోజే తిండి పెట్టనక్కరలేదు. కళ్ళు లోపలికి పోయి ఉంటే, వెల్లకిలా తిప్పితే తనంతట తిరగలేకపోతే, కాళ్ళు వంకర్లు పోతుంటే పశువైద్యుడిదగ్గరికి తీసుకుపోవటమే దారి. కదలకుండా ఎండుటాకులా దొరికినా చచ్చిందని నిర్ణయించి పారవేయవద్దు. తడిలో పెట్టి కొన్ని గంటలు చూడాలి. చచ్చిందనుకున్నది గొంతుకింద చర్మం ఆడించటం చూసి ఆశ్చర్యపడినవాళ్ళున్నారు.

మన చేతుల సంగతి కూడా మరవకూడదు. కప్ప ఒంటిమీదా, అది ఉన్న నీళ్ళలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. 2009 నుంచి 2011 దాకా అమెరికాలో ఎన్నో రాష్ట్రాల్లో పిల్లలకు జ్వరాలూ విరేచనాలూ వచ్చి, కారణం వెతికితే ఇందాక చెప్పిన మరుగుజ్జు కప్పల తొట్టెలని తేలింది. కప్ప నీళ్ళు వంటింటి తొట్టిలో పారబోయకూడదు. ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మా ఆవిడ మరొక అడుగు ముందుకు వేసి, ఆ తులసి తీర్థం నెలరోజులు ఎవరికీ ఇవ్వలేదు.

విసిగిపోయి, “పోనీలే, తోటలో వదిలేద్దాం” అనేవాళ్ళు కొందరు. ఇది అన్నిటికన్న చెడ్డపని. మంచులో వదిలితే అది చస్తుంది. వెచ్చటి ప్రాంతంలో వదిలితే మిగతావాటిని చంపుతుంది. ఆఫ్రికాలోని గోళ్ళకప్ప కథ ఇందుకు చాలు. 1930ల్లో లాన్సెలాట్ హాగ్బెన్ అనే శాస్త్రజ్ఞుడి పరిశోధనలవల్ల ఈ కప్ప గర్భనిర్ధారణకు పనికివస్తుందని తేలింది. స్త్రీ మూత్రాన్ని ఆడకప్పకు ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయితే, కొద్ది గంటల్లో కప్ప గుడ్లు పెట్టేది. 1960ల దాకా ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో ఈ కప్పలను పెంచారు. ఎందరు తల్లులకు ఆ శుభవార్త మొదట కప్పే చెప్పిందో! తరువాత రసాయన పరీక్షలు వచ్చాయి. తప్పించుకున్నవీ, వదిలేసినవీ కలిసి ఇవాళ కాలిఫోర్నియాలో, చిలీలో, ఫ్రాన్సులో చెరువులు ఆక్రమించాయి. అంత దూరం ఎందుకు, మన బోదురుకప్పే అండమాన్ దీవులకు చేరి అక్కడి చిన్నకప్పల తోకపిల్లలను తినేస్తోంది.

మన స్నానాలగది అతిథి

ఇదంతా పెంపుడుకప్ప సంగతి. పెంచకుండానే మన ఇంటికి వచ్చేదాని సంగతి కూడా రెండు మాటలు చెప్పుకుందాం. వేసవి ముదిరినప్పుడు స్నానాలగది గోడమీద, నీళ్ళ బకెట్టు వెనక, వేడినీళ్ళ యంత్రంకింద గోధుమరంగు కప్ప ఒకటి అతుక్కుని ఉంటుంది. దీపం వేస్తే ఒక్క గెంతున మన భుజంమీద పడి కేక పెట్టిస్తుంది. అది మన చెట్టుకప్ప. మిచిగన్ ముద్దపప్పుకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అదీ వెతుక్కుంటూ వచ్చింది తడి, చీకటి, ఇరుకే. బయట ఎండలకు నేల బీటలు వారినప్పుడు ఊళ్ళో తడిగా ఉండే గోడ మీ స్నానాలగదిదే.

దానివల్ల హాని లేదు. కరవదు, కుట్టదు, కప్ప తాకితే పులిపిర్లు వస్తాయన్నది ఉత్తమాట. వసారా దీపంకింద పురుగులు తినటానికి వచ్చే గరుకు గోండ్రుకప్పకు మాత్రం చెవుల వెనక ఉబ్బుల్లో మంటపుట్టించే పాలు ఉంటాయి. దాన్ని పట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకూడదు. కొందరు కప్ప కనపడగానే ఉప్పు చల్లుతారు, ఫినాయిలు పోస్తారు. చర్మమే నోరైన జీవిమీద ఫినాయిలు పోయటమంటే ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. వానలు లేనప్పుడు రోకలికి వేపమండలతో కప్పను కట్టి, కప్పతల్లి వచ్చిందంటే ఇంటింటా బిందెలతో దానిమీద నీళ్ళు పోసిన ఊళ్ళు మనవి. ఆ కట్టివేతలో కప్పకు సుఖం లేదు గాని, కప్పకు నీళ్ళు పోయాలన్న జ్ఞానం మన ముసలమ్మలకు ఉండేది.

స్నానాలగదిలోంచి పంపదలుచుకుంటే సాయంత్రం పంపండి. వెడల్పాటి మగ్గు దానిమీద బోర్లించి, గోడకూ మగ్గుకూ మధ్య ఒక అట్టముక్క దూర్చి, అలాగే తీసుకువెళ్ళి అరటిచెట్ల మొదట్లోనో, కుండీల నీడనో వదలండి. పిల్లలు సీసాలో పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోకండి; మన కప్పల్లో కొన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, ఏది వస్తుందో ఏది రాదో పిల్లలు పోల్చలేరు. తొలకరి తరువాత నీళ్ళతొట్టి లోపలిగోడకు సబ్బునురుగులాంటి తెల్లటి ముద్ద అంటుకుని కనపడితే పనిమనిషిమీద కేకలు వేయకండి. అది ఆ చెట్టుకప్ప గూడు. వెనకకాళ్ళతో కవ్వంలా చిలికి చేసిన నురుగు. లోపల గుడ్లు ఉంటాయి. కొద్ది రోజులు ఆ తొట్టినీళ్ళు మొక్కలకు వాడుకుని ఊరుకుంటే, తోకపిల్లలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారటం పిల్లలు చూడవచ్చు.